పెరటికి వీపుపెట్టి

ఆమె తమ్ముడు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అక్క పోయిందప్పా, నిన్న సాయంత్రం. మీ పేపర్లో చిన్నగా వేయిస్తావా?"

వేయిస్తానన్నాను. ఏం రాయమంటావని అడిగాను. అతని టైర్ల అంగడి ముందు నుంచి పోయే లారీల మోత ఫోన్లో వినిపిస్తూ ఉంది.

"టెలిఫోన్ ఆఫీసులో పనిచేసిందని రాయి. ఇంకేముండాది రాసేదానికి" అన్నాడు చివరికి.

సిటీ పేజీలో అడుగున ఒక మూల వేశాం. పేరు, ఊరు, చేసిన ఉద్యోగం. ఇలాంటి వార్తలు నా చేతిమీదుగా ఎన్ని పోయాయో లెక్కలేదు. పోయినవాళ్ళంతా పత్రికలో ఒకేలా ఉంటారు. అందరూ విశేష సేవలు అందించి ఉంటారు, అందరి అభిమానాన్నీ చూరగొని ఉంటారు. ఈమె ఎవరి అభిమానాన్నీ చూరగొనలేదు. వీధిలో సగంమందితో మాటల్లేవు. ఎండాకాలం చివర్లో మధ్యాహ్నం పూట పెరట్లో బట్టలుతికే బండమీద కూర్చుని, పెరటికి వీపుపెట్టి, కళ్ళు మూసుకుని పిట్టల్ని వినేది. ఆమె గురించి నాకు బాగా తెలిసింది అదొక్కటే. అది ఏ పేజీలోనూ పట్టే వార్త కాదు.

తొంభైల్లో విజయవాడ డెస్కు నుంచి నన్ను బెంగళూరుకు మార్చినప్పుడు కె.ఆర్.పురం స్టేషన్ వెనక వాళ్ళింట్లో మేడమీది గది అద్దెకు దొరికింది. ఇంటి ముందు భాగంలో రెండు గదులు, వెనక పెరడు ఆమె వంతు. పక్క భాగం తమ్ముడిది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. దూరపు ఊళ్ళకు ఫోన్లు కలిపే ట్రంక్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చాలా ఏళ్ళు చేసి, యంత్రాలు వచ్చి మనుషుల అవసరం తీరిపోయాక ఇంటికొచ్చేసింది.

నాకు రాత్రి డ్యూటీ. పొద్దెక్కి లేచి, మధ్యాహ్నం లుంగీ ఆరేసుకోవడానికి పెరట్లోకి దిగేవాణ్ణి. మొదటిసారి దిగిన రోజు ఆమె బండమీద కూర్చుని, కళ్ళు మూసుకునే చింతపండు గింజలు తీస్తోంది. ఆమె వెనకాల సపోటా చెట్టుమీద ఆకుపచ్చని పిట్ట ఒకటి కనబడింది.

"అక్కా, మీ వెనక ఏదో పచ్చపిట్ట ఉంది, చూడండి" అన్నాను.

ఆమె తల కూడా తిప్పలేదు. "నిలబడి చూడొద్దప్పా. నువ్వు చూస్తుండావని తెలిస్తే లైను కట్ చేస్తాది."

"మీరు చూడరా?"

"అంత సర్వీసులో ఒక్క మనిషిని చూడకుండా వింటి. పిట్టల్ని చూడల్నా ఇప్పుడు?" అంది. తర్వాత ఒక కన్ను తెరిచి, "మీరు గీరు అనొద్దు. ఆఫీసర్తో మాట్లాడినట్లుండాది" అంది.

నా ఉద్యోగం తెలిశాక నాకు 'పేపరప్పా' అని పేరు పెట్టింది. పేర్లు పెట్టడంలో ఆమె పద్ధతి ఆమెది. పిట్టలకు మనుషులు పెట్టిన పేర్లు ఆమెకు తెలియవు, తెలుసుకోవాలనీ లేదు. కంసాలిపిట్ట ఎండలో టుక్కు టుక్కుమని ఆగకుండా కొడుతుంటే అది 'ఎంగేజ్ టోన్'. కోకిల మగది గొంతు పెంచుకుంటూ పోతుంటే 'అర్జెంట్ కాల్'. జెముడుకాకి లోగొంతుతో గుంభనంగా పలికితే 'పెద్దాఫీసరు'. ఆకులు కుట్టి గూడు కట్టే జిట్టంగి పిట్ట 'హలో హలో'. లైను దొరకనివాడు అరుస్తాడే, అలాగన్నమాట. తేనెపిట్టలు పొద్దస్తమానం సన్నగా కిచకిచమంటూ ఉంటాయి గనక వాటికి 'లోకల్ కాల్' అని పేరు.

"ట్రంక్ కాల్ అయితే మూడు నిమిషాలకు నేను అడ్డం పడల్ల. లోకల్ వాళ్ళను అడిగేవాళ్ళే లేరు. పొద్దున పట్టుకొంటే సాయంత్రం దాకా అదే పని. ఏం మాట్లాడుకొంటారో ఏమో, అన్నం తిన్నావా, కూరేమి, అంతే ఉంటాది" అనేది.

'బేజారు' అనేది ఆమె ఊతపదం. కన్నడం నుంచి అక్కడి తెలుగులోకి వచ్చి స్థిరపడిన మాట. విసుగు, అలసట, దిగులు, అన్నిటికీ అదే. ఎండకు బేజారు, తమ్ముడి పిల్లల గలాటాకు బేజారు, వానొస్తే బురదకు బేజారు. పిట్టలు మాత్రం ఎప్పుడూ బేజారు కాలేదు.

"మనుషులు ఎంత మాట్లాడినా చివర్లో ఒకటే అంటారప్పా, సరే ఉంటా మరి అని. నా చెవిలో ఎన్ని ఉంటా మరిలు పడినాయో. పిట్టలట్ల చెప్పవు. మాట్లాడతా మాట్లాడతా పోతాయి. అది మర్యాద."

బెంగళూరులో ఎండాకాలం చివర ఒక రకమైన నీరసం ఉంటుంది. రోజూ సాయంత్రం మబ్బు పడుతుంది, గాలి లేస్తుంది, నాలుగు చుక్కలు దుమ్ము మీద పడి ఆగిపోతాయి. చెరువులు ఎండిపోతాయి. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ రోజుల్లోనే పెరట్లో సందడి ఎక్కువ. పండి రాలిన సపోటాల కోసం ఉడతలు, గోరింకలు, నీళ్ళ కోసం అన్నీ. కొళాయి రాగానే ఆమె ముందు రాతితొట్టి నింపేది, తర్వాతే తన బిందె. ఒకసారి బిందె నిండకుండానే కొళాయి ఆగిపోయింది. "తొట్టిలో ముంచుకోవచ్చుగా అక్కా" అన్నాను. "ఎంగిలి నీళ్ళు తాగమంటావా?" అంది.

ఒక మధ్యాహ్నం నేను ఆమె ఎదురుగా అరుగుమీద కూర్చుని పేపరు తిరగేస్తున్నాను. ఉన్నట్టుండి పిగిలిపిట్టలూ ఉడతలూ గోరింకలూ ఒక్కసారిగా గోల పెట్టాయి. నేను తల ఎత్తి చెట్టువైపు చూస్తున్నాను. ఆమె గింజలు తీస్తున్న చెయ్యి ఆపి, "అన్ని లైన్లూ ఒకేతూరి మోగితే మంచిది కాదు. పేపరప్పా, లుంగీ ఎత్తి కట్టుకో. కింద చూస్కో" అంది. నా కాళ్ళకు బారెడు దూరంలో, తూము రాయి పక్కనుంచి, జెర్రిపోతు తాపీగా సాగిపోతోంది. నేను అరుగుమీదికి ఎక్కి నిలబడ్డాను. ఎదురుగా చూస్తే ఆమె కూడా బండమీద నిలబడి ఉంది, చీర మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని.

"పోయిందా?"

"పోయింది. కళ్ళు తెరువు."

"నువ్వు చెప్తే తెరవను. అవి నోరు మూయనీ."

పిట్టలు సద్దుమణిగాకే కళ్ళు తెరిచింది.

ఆ పెరడు మీద తమ్ముడికి ఎప్పటినుంచో కన్ను. చెడ్డవాడు కాదు. ఇద్దరు మగపిల్లలు, ఒకటే గది. వాళ్ళు పెద్దవాళ్ళవుతున్నారు. పెరట్లో రెండు గదులు వేసుకుంటానని ఏటా అడిగేవాడు. ఆమె ఏటా ఒకటే జవాబు చెప్పేది. "ఈ పిట్టలు ఉండేదాకా అడగొద్దురా. అవి పోయిన రోజు నేనే పిలిచి చెప్తా." అతను తల గోక్కుని అంగడికి వెళ్ళిపోయేవాడు. అక్క మాట అంటే అతనికి అంత గురి. అక్క జీతం మీదే చదువుకుని, అంగడి పెట్టుకున్నవాడు.

నాకు పెళ్ళయ్యాక బెళ్ళందూరుకు మారిపోయాను. అక్కడ పిట్టలంటే పావురాలే. అవి రాకుండా బాల్కనీకి వల కట్టించుకున్నాం. కె.ఆర్.పురం వెళ్ళడం ఏడాదికోసారి అయింది, తర్వాత అదీ తగ్గింది. వెళ్ళినప్పుడల్లా ఆమె కొంచెం ఎక్కువ చిరాగ్గా కనిపించేది. ఈ కాలంలో అందరూ నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడతారని ఒకసారి విసుక్కుంది. సెల్‌ఫోన్లు వచ్చి మనుషులకు మాట స్పష్టం పోయిందంది. ఇంకోసారి కుక్కరు పాడైందనీ, ఎన్నిసార్లు రబ్బరు మార్చినా కూయడం లేదనీ అంది. "కూస్తానే ఉండాది వదినా, పప్పు మాడిపోతాంటే నేనే పరుగెత్తుకొని వస్తి" అని తమ్ముడి భార్య గోడ అవతలనుంచి కేకేసింది. "దాని మాట నమ్మొద్దు" అని నాతో గొణిగింది అక్క. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రెండింటినీ ఒకచోట పెట్టి చూడాలని నాకు తోచలేదు.

తర్వాత ఒక మే నెల చివర ఫోన్ చేసింది. పక్కింటివాడు మేడమీద సెల్ టవరు పెట్టించి చాలాకాలమైంది. దానితో ఆమెకు అప్పటినుంచీ పోరాటమే.

"పేపరప్పా, నువ్వొచ్చి ఇది రాయల్ల. చిన్న పిట్టలన్నీ పోయినాయి. లోకల్ కాల్ లేదు, హలో హలో లేదు. టవర్ తినేసింది. పెద్దవే మిగిలినాయప్పా, కాకి, కోకిల, పెద్దాఫీసరు. ఊరు మాదిరే అయిపాయ."

ఆ రోజుల్లో టవర్ల వల్ల పిచ్చుకలు పోతున్నాయని అన్ని పత్రికలూ రాస్తున్నాయి. పాత ఎక్స్ఛేంజి ఆపరేటరు, కొత్త టవరు, పోయిన పిట్టలు. ఆదివారం పేజీకి ఇంతకంటే ఏం కావాలి? ఆ మాటా బాగుంది, పెద్దవే మిగిలాయన్నది. హెడ్డింగ్ బస్సులోనే సిద్ధమైపోయింది.

నేను వెళ్ళేసరికి ఆమె అదే బండమీద, అలాగే పెరటికి వీపుపెట్టి కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. పెరట్లో తమ్ముడు టేపు పట్టుకుని నేల కొలుస్తున్నాడు. నన్ను చూసి ఎందుకో తల దించుకున్నాడు.

"వానికి చెప్పేసినా. కట్టుకో అని" అంది ఆమె. "మాటంటే మాట. అవి పోయినాక ఈ మట్టిని పెట్టుకొని నేనేం చేసేది? బేజారయిపాయ పేపరప్పా. రాత్రి నిద్ర రాదు, పగలు మెలకువ రాదు. ఏమన్నా ఉండాదేమో, ఒకటన్నా తిరిగి వచ్చుండాదేమో అని వింటా కూచుంటా. విను నువ్వే. ఏమన్నా ఉండాదా?"

విన్నాను. కాకి, దూరంగా కోకిల, కంసాలిపిట్ట. వాటితోపాటు ఇంకొకటి. ఆమె తలకు మూరెడు వెనకాల, బండ పక్కనున్న పాత షెడ్డు రేకుల అంచునుంచి జారిన సన్నజాజి తీగకు చిన్న సంచిలాంటి గూడు వేలాడుతోంది. దాని గుమ్మంలో రెండు పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. తేనెపిట్టలు రెండూ, నల్లగా మెరిసే మగదీ పసుపుపచ్చ పొట్ట ఆడదీ, తీగ మీంచి మందారానికీ మందారం మీంచి తీగకూ తిరుగుతూ సన్నగా, ఒకటే కిచకిచ. చెవిలో సూది తిప్పుతున్నట్టుంది ఆ చప్పుడు.

ఆమె వేళాకోళం చేస్తోందనుకున్నాను. మొహం చూస్తే అలా లేదు.

"ఇప్పుడు కూసిందేది అక్కా?"

"ఏది? కోకిలా?"

తమ్ముడివైపు చూశాను. టేపు చేతిలోనే ఉంది. అతను తీగవైపు చూసి, నావైపు చూసి, వద్దన్నట్టు తల కొంచెం ఊపాడు. అప్పుడు అర్థమైంది, ఆమె చెవులకు సన్నటి చప్పుళ్ళు అందడం లేదని, అది అతనికి తెలుసని. కుక్కరు సంగతీ, ముద్దగా వినబడే మాటల సంగతీ కూడా అప్పుడే వచ్చి కలిశాయి.

ఒక్క నిమిషం ఏం చేయాలో తోచలేదు. చెప్పకపోతే తమ్ముడి ఇద్దరు పిల్లలకు గది వస్తుంది, ఆమెకు తన చెవుల సంగతి ఇంకొన్నాళ్ళు తెలియదు. కానీ ఆమె నన్ను పిలిచింది ఉన్నది ఉన్నట్టు రాయమని. ఉన్నది నా కళ్ళెదుటే వేలాడుతోంది.

"అక్కా, ఒకసారి వెనక్కి తిరుగు."

"చూస్తే పోతాయప్పా."

"పోవు. పిల్లలున్నాయి. తిరుగు."

ఆమె మెల్లగా తిరిగింది. మోకాళ్ళు సహకరించక బండమీద చేతులూని తిరిగింది. ఆడపిట్ట ముక్కులో ఏదో పురుగుతో తీగమీద వాలింది. గూట్లో నోళ్ళు తెరుచుకున్నాయి. మగపిట్ట పైన కూర్చుని గొంతు ఎగిరెగిరి పడేలా అరుస్తోంది. ఆమె దాని గొంతువైపే చూసింది. తర్వాత తన కుడి చెవి పక్క వేళ్ళు పెట్టి చిటిక వేసింది. ఎడమ చెవి దగ్గర వేసింది. మళ్ళీ పిట్టను చూసింది.

"లైను బాగానే ఉండాది. నా సెట్టే పోయింది" అంది.

చాలాసేపటికి తమ్ముణ్ణి పిలిచింది. అతను టేపు చుట్టుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నీకు తెల్దారా?"

"తెలుసక్కా."

"మరి చెప్పలేదేల?"

అతను గట్టిగానే అన్నాడు, ఆమెకు వినబడాలనో, ఉక్రోషంతోనో. "ఏమని చెప్పేది? పిట్టలుండాయి, నీకు చెవులు లేవు అనా? అది చెప్తే నువ్వేడుస్తావు. చెప్పినాక నేనేడవల్ల. ఇద్దర్లో ఒకరన్నా బాగుంటారులే అనుకొంటి."

"నేను మాటిచ్చింది అవి లేవనుకొని."

"ఇప్పుడుంటే ఏమి, లేకుంటే ఏమి అక్కా? నీకు వినపడవు గదా!"

"నువ్వు పొద్దున పోయి టైర్ల అంగట్లో కూచుంటావు. నాకు వినపడతావా? లేనట్లేనా నువ్వు?"

అతను టేపు జేబులో పెట్టుకున్నాడు. అలా పెట్టుకున్న తీరు చూస్తే ఇక ఎప్పటికీ అడగడనిపించింది. ఆమెకూ అలాగే అనిపించి ఉండాలి. పోతున్నవాణ్ణి ఆపింది.

"ముందర రెండు రూములూ పడగొట్టుకో. ఆడ కట్టుకో. ఎంత పైకి కట్టుకొంటావో కట్టుకో. పెరడు ముట్టొద్దు."

"నువ్వు యాడుంటావు?"

ఆమె సన్నజాజి అల్లుకున్న రేకుల షెడ్డువైపు చూపించింది. పాత రోజుల్లో వంటచెరకు వేసుకునే గది అది.

"ఎండకు రేకు కింద మనిషి ఉండేదానికవుతాదా అక్కా? నలుగురు నా మొహాన ఉమ్మరూ?"

"నా చెవిలో పడదులే" అంది. తమ్ముడు నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని లోపలికి పోయాడు.

ఆదివారం పేజీకి నేనేమీ రాయలేదు. టవరు తినేసిన పిట్టల కథ రాయడానికి లేకుండా పోయింది. జరిగిన కథలో వార్త లేదు.

ముందు గదులు పడగొట్టారు. ఇల్లు లేచింది. గూట్లో పిల్లలు ఎగిరిపోయాక షెడ్డులో సిమెంటు నేల వేయించి, తమ్ముడు దగ్గరుండి సున్నం కొట్టించాడు. రేకులమీద కొబ్బరాకులు కూడా పరిపించాడు. ఏం చేసినా వేసవిలో లోపల కాగిపోయేది. చెవికి మిషను పెట్టిస్తానని ఒకసారి పోరు పెట్టాడట. "చెవిలో ఇంకో మిషనా? సర్వీసంతా పెట్టుకొంటి, చాలు" అని తోసేసిందట.

నేను చివరిసారి వెళ్ళింది కూడా అలాంటి ఎండాకాలం చివరే. కొత్తింటి గోడ నీడ పెరటి సగంమీద పడి ఉంది. ఆమె బండమీదే కూర్చుంది, కానీ ఇటు తిరిగి, చెట్లకు ఎదురుగా. నన్ను పక్కన కూర్చోమని సైగ చేసింది. గట్టిగా మాట్లాడబోతే వద్దంది.

"పేపరప్పా, ఒక సంగతి చెప్పల్ల నీకు. ఆ లోకల్ కాల్ ఉండాది చూడు, అన్నం తిన్నావా, కూరేమి అంటాదనుకొంటి గదా. అదేం కాదు. పొద్దస్తమానం కొట్లాట. ఆ మందారం నాదంటే నాదని. అద్దం పెంకులో తన మొహం చూసుకొని దాంతో గూడా కొట్లాట. అన్నేండ్లు వాటి తగూలు విని, ఎంత బాగా మాట్లాడుకొంటుండాయో అని నేను కండ్లు మూసుకొని కూచుంటి." ఆమె నవ్వింది. పళ్ళు చాలా పోయాయి. "హలో హలో అయితే ఎవర్నీ పిలవడం లేదు. నన్నే తిడుతుండాది, దాని గూటి పక్కనే నా బండ ఉండాదని."

"బేజారైందా మరి?"

"లే. బేజారు వాటితో కాదు." మగ తేనెపిట్ట ఒకటి మందారం మీద తలకిందులుగా వేలాడుతోంది. నాకు దాని అరుపు వినిపిస్తూనే ఉంది. ఆమె రెప్పలు వాలిపోతున్నాయి. వాలినప్పుడల్లా ఉలిక్కిపడి ఎత్తుతోంది.

"పోయి కాసేపు పడుకో అక్కా. ఎండకు అలసిపోయావు."

"అలుపే పేపరప్పా. వినేటప్పుడు సుఖముండె. కండ్లు మూసుకొన్నా అవి ఉండేవి. నిద్ర పట్టినా చెవిలో పడతాండేవి. ఇప్పుడు కన్ను మూస్తే ఒకటీ ఉండదు. ఉండాయని తెలియల్లంటే మేలుకొని ఉండల్ల."

నేను వెళ్ళొస్తానని లేచాను. ఆమె నావైపు తిరగలేదు. చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ తెరిచి చూస్తూ కూర్చుంది.